మగ్గం మీది నవ్వు

బెండకాయ తోక విరిచి చూసి కొనాలని నాకు తెలుసు. విరుస్తాను కూడా. విరిచాక అది లేతదో ముదురో తేల్చుకోలేక, "నువ్వే ఏరియ్యప్పా" అని బండివాడినే బతిమాలుకుంటాను. నేను కాటన్‌పేటకు కాపురానికి వచ్చినప్పటి బండివాడు ముసలివాడై ఇంట్లో కూర్చున్నాడు, ఇప్పుడు అతని కొడుకు తోస్తున్నాడు బండిని. నా బెండకాయలు మాత్రం తరం మారినా ముదురే. అలాంటి మనిషికి మొన్న మా ఇంట్లో ఒక ఏరే పని అప్పజెప్పారు.

మా వదిన పోయింది. వదిన అంటే మా ఆయనకు స్వయానా అక్క. పెద్దదినం నాటికి గోడకు తగిలించడానికి ఫోటో కావాలి. ఇంట్లో ఉన్నవన్నీ మంచం మీద పరిచి, "ఆమెతో తిరిగినదానివి నువ్వే. ఏది పెట్టాల్నో నువ్వే చెప్పు" అన్నాడు మా ఆయన.

పాత ఫోటోలన్నీ ఒక రకం. పెళ్ళి ఫోటోలో, తిరుపతి ఫోటోలో, మా పెళ్ళి ఫోటోలో కూడా వదిన ఎడమచెయ్యి నోటి మీదే ఉంది. వేళ్ళ మధ్య కొంగు, కొంగు వెనక నోరు. ముఖం సగం, చీర సగం. మా మామగారిది పట్టుచీరల అంగడి కాబట్టి, చూసినవాళ్ళు చీరల ప్రకటన అనుకున్నా తప్పులేదు. తర్వాతి ఫోటోలు ఇంకో రకం. చెయ్యి లేదు, పెదవులు రెండూ ఒద్దికగా కలిసి ఉన్నాయి, తీర్పు చెప్పబోయే జడ్జిగారిలా చూస్తోంది. ఇంట్లో అందరి చూపూ వాటి మీదే ఉంది. దొంతర అడుగున మూడో రకం ఒకటి ఉంది, ఒకే ఒక్కటి. అది చూశాక నాకు ఇక ఏరే పని లేకపోయింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఎడమచేతి సంగతి చెప్పాలి.

వదినవి ఎత్తుపళ్ళు. పైవరస పెదవిని తోసుకుని ముందుకు వచ్చేసేది. పై పెదవీ కింది పెదవీ ఎదురింటి తోడికోడళ్ళలాగా ఒకదాన్నొకటి చూసుకునేవే కానీ కలిసేవి కావు. ఎవరైనా కోపంలో "నోరు మూసుకో" అన్నారంటే, కొంగు వెనక నుంచి వెంటనే జవాబు వచ్చేది: "ఆ వసతి దేవుడు నాకియ్యలేదప్పా." ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు ఇంట్లో లేరు. గెలవడానికి మగవాళ్ళకు మిగిలే ఆఖరి మాట ఆమె దగ్గర చెల్లేది కాదు మరి.

కానీ ఆ నోటికి కాపలాగా ఒక చెయ్యి ఎప్పుడూ డ్యూటీలో ఉండేది. కూరలు తరుగుతున్నా సరే, గడపలో ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా వంకాయ కత్తిపీట ముందు పడేది, చెయ్యి పైకి లేచేది. నవ్వితే భుజాలు కదిలేవి, చప్పుడు ఉండేది కాదు. "చెయ్యి ఖాళీ లేదు" అనే మాట మనమంతా సాకుగా వాడతాం. ఆమె విషయంలో అది ఉన్నమాట.

అయినా కాటన్‌పేటలో మా చుట్టాలు ఏది కొనాలన్నా వదిన కావాలి. ఇత్తడి గుండిగ అయినా, పాడి ఆవైనా, కాఫీగింజలైనా. ఆమె ఏ వస్తువును చూసినా ముందు తిరగేసేది. చీర అయితే వెనకవైపు, గుండిగ అయితే అడుగు. "పెండ్లికొడుకును తిరగేయలేము గదా వదినా" అని నేనొకసారి తెలివి చూపించబోతే, "అందుకే వాళ్ళమ్మను చూసేది" అంది. నేను మా అత్తగారి వైపు చూసి ఊరుకున్నాను.

హిందూపురం వైపు పల్లెల్లో నేతగాళ్ళకు మామగారు పట్టూ జరీ ఇచ్చి నేయించేవారు. కొత్త నేతగాడిని కుదుర్చుకోవాలంటే కూతురిని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆ మనిషి పెట్టెలోంచి మంచి చీర తీసి చూపించబోతే వదిన చూసేది కాదు. "దిగిన చీర అందరిదీ బాగుంటాది. మగ్గం మింద ఉండేది చూపించప్పా" అనేది. సగం నేసిన దాన్ని వంగి, కింద నుంచి చూసేది. తర్వాత ఒక్కటే ప్రశ్న: "ఎప్పుడన్నా నేసింది విప్పినావా?"

తప్పు పోగు పడితే అక్కడి దాకా నేసినదంతా విప్పాలి. రోజంతా పడిన శ్రమ మట్టిపాలు. అందుకే చాలామంది విప్పరు, పైన ఇంకో పోగు వేసి సర్దేస్తారు. "నా చేతిలో తప్పే పడదమ్మా, విప్పే పనే లేదు" అని ఛాతీ విరిచినవాడికి ఆమె పట్టు ఇవ్వనిచ్చేది కాదు. బయటికొచ్చి తండ్రితో అనేది: "తప్పు పడని చెయ్యి యాడుంటాది నాయనా? విప్పనోడంటే కప్పినోడే."

మామగారికి మోకాళ్ళు పట్టేశాయి. అంగట్లో తెల్లగుడ్డ పరిచిన గద్దె మీద తన తర్వాత ఎవరు కూర్చోవాలన్నది ఇంట్లో ఎవరూ పైకి అనని ప్రశ్న. మా ఆయనకు బ్యాంకు ఉద్యోగం. పట్టుచీర ఆయన దృష్టిలో తువ్వాలుకు పెద్దన్న. ఒకరోజు భోజనాల దగ్గర వదినే అంది: "నేను కూచుంటా నాయనా."

మామగారు కాదనలేదు. ఆడదానివి అనలేదు. కూతురిని చూసి, ముద్ద కలుపుతూ మెల్లగా అన్నారు: "నీకంటే చీర తెలిసినోళ్ళు ఎవరుండారమ్మా? అయితే గద్దె మింద కూచునేదానికి రెండు చేతులు కావల్ల. నీకుండేది ఒకటే గదా."

ఆయన వెటకారంగా అనలేదు, అదే కష్టమైంది. మా అంగట్లో చీర చూపించడమంటే మడత తీసి పరచడం కాదు. రెండు చేతులతో రెండు అంచులూ పట్టి ఒక్క విసురు విసరాలి. పమిట గాలిలో తెరుచుకుని, జరీ పైకి వచ్చేలా పెళ్ళికూతురి ఒడిలో వాలాలి. ఒడిలో వాలిన చీరను తిరిగి ఇచ్చేయడానికి ఎవరికీ మనసొప్పదు. మామగారి వ్యాపారమంతా ఆ విసురులోనే ఉంది.

మర్నాడు పొద్దున వదిన నా గదిలోకి వచ్చి, "మ్మేయ్, చీర మార్చుకో. పండ్ల పని మింద పోవల్ల" అంది. నేను చీర మార్చుకుని సంచి కూడా తీసుకున్నాను. మా సీమలో నోట్లో పళ్ళనూ పండ్లే అంటామని తెలియక కాదు. పళ్ళ కోసం ఆ వయసులో ఒక ఆడమనిషి బయలుదేరుతుందని నా ఊహకు అందలేదు. ముప్పై అయిదు దాటిన గృహిణి పళ్ళు సరిచేయించుకోవడమంటే డెబ్బైల నాటి మా వీధిలో గుర్రం ఎక్కడం లాంటిది. ఆమె భర్త, ఇల్లరికం వచ్చినాయన, నాకు అన్నయ్య వరస, దేనికైనా "నీ ఇష్టమే" అనే మనిషి, దీనికీ అదే అన్నాడు. మా ఇంట్లో వదిన పళ్ళకు తప్ప అందరికీ ఒక వరస ఉండేది.

మొదట వెళ్ళింది మార్కెట్టు పక్కన పళ్ళు కట్టే అతని దగ్గరికి. గాజుపెట్టెలో గులాబీరంగు చిగుళ్ళతో ఒక పళ్ళసెట్టు మనిషి లేకుండానే నవ్వుతోంది. ఆయన వదిన నోరు చూసి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ముందరివన్నీ పీకేస్తానమ్మా. ముత్యాల మాదిరి కొత్తవి కడతా. ఈ ఆయితారం రండి, వచ్చే ఆయితారం నవ్వుకుంటా పోండి!"

నాకు నచ్చింది. నేను తలూపేశాను కూడా.

"కట్టినవి ఎప్పుడన్నా విప్పి మళ్ళా కట్టినావా అప్పా?" అని అడిగింది వదిన.

"నేను కట్టితే కాటికి పోయేదాకా ఊడదు!"

వీధిలోకి వచ్చాక వదిన అంది: "మడత నలిగిందని మంచి చీరను చించి పారేయమంటాండాడు ఈయప్ప. ఊ అంటాండావు నువ్వు!"

రెండో ఆయన కంటోన్మెంటు వైపు. మెత్తటి సోఫాలు, ఇంగ్లీషు పత్రికలు. డాక్టరు ఎలాంటివాడో గానీ సోఫా మాత్రం నా ఓటు గెలుచుకుంది. పిలుపు వచ్చేలోపు వదిన పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి వైపు తిరిగి, "స్వల్ప నోరు తెరువు పాపా, చూస్తా" అంది. ఆ పిల్ల తల్లి ముఖం చూడలేక నేను పత్రిక అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి తెలిసింది, దాన్ని తలకిందులుగా పట్టుకున్నానని. ఏ వస్తువునైనా తిరగేసి చూడాలన్న వదిన సూత్రం నేను పాటించింది ఆ ఒక్కసారే.

డాక్టరు గారు ఒక ప్లేటు చూపించారు. అంగిలికి అతుక్కునే గులాబీ బిళ్ళ, దానికొక తీగ. ఇంట్లో ఉన్నప్పుడు పెట్టుకోవచ్చు, నలుగురిలోకి వెళ్ళేటప్పుడు తీసేయవచ్చు, ఆర్నెల్లు చాలు, మూడో కంటికి తెలియదు. నయమైన వాళ్ళ ఫోటోలు ఒక ఆల్బం నిండా ఉన్నాయి.

"సగంలో ఉండేవాళ్ళవి లేవా?" అంది వదిన. లేవు. "చేసింది విప్పి మళ్ళా మొదల్నుంచి చేసినారా ఎప్పుడన్నా?"

ఆయన నొచ్చుకున్నారు. తన దగ్గర అలాంటివి జరగవన్నారు.

బస్సు స్టాపులో వదిన కొంగు బిగించి, "అన్నీ దిగిన చీరలే పెట్టుకోనుండాడు" అంది. ఇక ఆయన ఊసు ఎత్తలేదు. సోఫా ఊసు ఎత్తాలని నాకుంది గానీ ధైర్యం చాలలేదు.

మూడోది సర్కారు పళ్ళ ఆసుపత్రి. చెక్కబెంచీలు, బెంచీల నిండా పిల్లలు. అటెండరు మమ్మల్నిద్దరినీ చూసి, "పాప ఎక్కడమ్మా, పేషెంటు?" అన్నాడు. వదిన కొంగు వెనక నుంచి, "నేనే ఆ పాపను" అంది.

లోపల డాక్టరు చిన్నవాడు. కోటు చేతులకు సున్నంలాంటి తెల్లటి పొడి అంటుకుని ఉంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది కన్నడంలో, నేను తెలుగులో రాస్తున్నాను. పెద్దవాళ్ళ ఎముక గట్టిది, పళ్ళు నిదానంగా కదులుతాయి, ముందు చిగుళ్ళు బాగుండాలి, ఇన్ని రోజులని మాటివ్వలేను అన్నాడు. వదిన తన ప్రశ్న అడిగింది.

అతను రాస్తున్నది ఆపాడు. ఇక బయటికి పొమ్మంటాడని నేను సంచి సర్దుకున్నాను. అతను లేచి, బీరువా తెరిచి, పై అరలోంచి పళ్ళ అచ్చు ఒకటి తీసి దుమ్ము ఊదాడు.

"బిచ్చిదీనమ్మా," అన్నాడు. విప్పానమ్మా అని. "తొందరపడ్డాను. ముందు పళ్ళు చక్కగా లోపలికొచ్చాయి, చూడ్డానికి బాగుంది. కానీ పైవీ కిందవీ కలవలేదు, ఆ అమ్మాయి నమలలేకపోయింది. అంతా తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. వాళ్ళ నాన్న బాగా తిట్టాడు. ఇప్పుడు బాగుంది. కానీ ఈ అచ్చు పారెయ్యలేదు."

వదిన ఆ అచ్చును అందుకుంది. తిరగేసింది, ఇంకేం చేస్తుంది! వెనకవైపు నుంచి చాలాసేపు చూసి బల్ల మీద పెట్టింది. తర్వాత, ఇంటి మగవాళ్ళ ఎదుట కూడా చేయని పని చేసింది. కొంగు ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచింది.

డాక్టరు రెండు దారులు చెప్పాడు. ప్లేటు పళ్ళను వెనక్కు వాల్చగలదు, వేరుతో సహా జరపలేదు. కొంత మార్పు వస్తుంది, పూర్తిగా కాదు. రెండోది పంటికొక ఉక్కు పట్టీ తొడిగి, వాటన్నిటినీ తీగతో బిగించడం. ముందు చోటు కోసం నాలుగు పళ్ళు పీకాలి. రెండేళ్ళు పడుతుంది. తీయడానికి వీల్లేదు, నోరు తెరిస్తే ఉక్కే కనిపిస్తుంది. "అంగట్లో కూర్చోవాలంటున్నారు. ఆలోచించుకోండమ్మా."

ఆ సాయంత్రం మా ఇంట్లో ఓట్లు పడ్డాయి. మామగారు ప్లేటు. మా ఆయన ప్లేటు. అన్నయ్య "నీ ఇష్టమే". నేను ప్లేటు పక్షాన ఉపన్యాసమే ఇచ్చాను. పెళ్ళిళ్ళ కాలం దగ్గర పడుతోంది, ఉక్కుపళ్ళతో గద్దె మీద కూర్చుంటే జనం చీర చూస్తారా, నోరు చూస్తారా? ప్లేటైతే బేరం రాగానే తీసేయొచ్చు కదా?

"తీసేది దేంతో?" అంది వదిన.

"చేత్తో."

"అందరి ముందరా? కొంగు అడ్డం పెట్టుకొనే గదా?"

"అవును మరి."

"మళ్ళా ఒక చెయ్యి పాయె."

మామగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"నా సంగతి నాకు తెలుసప్పా," అంది వదిన. "తీసే వీలుంటే తీస్తా. చక్కిలం కనపడితే తీస్తా, చుట్టం కనపడితే తీస్తా. తీయలేనిదే కావల్ల నాకు."

అత్తగారికి తిండి బెంగ పట్టుకుంది. రెండేళ్ళు ఏం నములుతుందే నా బిడ్డ అని. "మనది సంగటి గదమ్మా. మింగేదే గానీ నమిలేది యాడుండాది? సంగటి తినేవాళ్ళకు పండ్లు అలంకారానికే" అంది వదిన.

పంటిబిగువున ఓర్చుకోవడం అని అంటారు. బిగించింది పళ్ళనే అయినప్పుడు ఇక దేని బిగువున ఓర్చుకోవాలో తెలియదు. ఆసుపత్రిలో తీగ బిగించి వచ్చిన ప్రతిసారీ వదిన దవడ పట్టుకుని మెట్ల మీద కూర్చునేది. అడిగితే, "పడుగు బిగిస్తాండారు, అంతే" అనేది. మగ్గం మీద నిలువు పోగులను బిగించడం అన్నమాట.

చెయ్యి మాత్రం దిగలేదు. నిజం చెప్పాలంటే ఉక్కు వచ్చాక కొంగు రెండు మడతలైంది. గద్దె మీద తండ్రి పక్కన ఒదిగి కూర్చుని, నాణ్యం చెప్పడం వరకే ఆమె పని. విసురు మామగారిదే. తన ఎంపిక తప్పేమోనన్న అనుమానం ఆమెకు వచ్చిందో లేదో తెలియదు. నాకు వచ్చింది. నాకు బెండకాయల దగ్గరే వస్తుంది, ఇక పళ్ళ దగ్గర రాదా?

పెళ్ళిళ్ళ కాలంలో ఒక మధ్యాహ్నం కోలారు నుంచి పెళ్ళివారు దిగారు. పెళ్ళికూతురు, తల్లి, మేనత్తలు, అందరికీ సర్వాధికారిగా ఒక అవ్వ. నేను మామగారికి అన్నం క్యారియరు తెచ్చి అక్కడే ఉన్నాను. మా ఆయన కొత్తగా కొన్న కెమెరాను మెడలో వేసుకుని బ్యాంకు నుంచి భోజనానికి వచ్చి ఉన్నాడు. ఆ రోజుల్లో ఆయన దానితో పిల్లిని కూడా వదిలేవాడు కాదు.

అవ్వ ఒక అరక్కు రంగు, అంటే లక్క ఎరుపు చీర వైపు వేలు చూపించింది. మామగారు చీర అందుకుని విసరడానికి మోకాలి మీద లేవబోయారు. మోకాలు లేవలేదు. ముఖం తెల్లబోయి అలాగే కూలబడి, చీరను పక్కకు జరిపారు, కూతురి ముందుకు. వదిన కుడిచేత్తో లాగింది. చీర మూటలా వచ్చి పడింది.

"మూటలో చూసేదానికి కోలారు నుంచి రావల్లా మేము?" అంది అవ్వ. "లేయండే, పక్కంగట్లో చూస్తాము."

వదిన ఎడమచెయ్యి దిగింది. రెండు అంచులూ పట్టింది. ఒక్క విసురు. పమిట గాలిలో విచ్చుకుని, జరీ పైకి తేలి, పెళ్ళికూతురి ఒడిలో కాకుండా సరిగ్గా అవ్వ ఒడిలో వాలింది.

అవ్వ చీర చూడలేదు. వదిన నోరు చూసింది.

"అయ్యో! ఏమమ్మే, నోట్లో జరీ నేయించుకున్నావా?"

పెళ్ళివారంతా గొల్లుమన్నారు. నేను వదిన ఎడమచేతినే చూస్తున్నాను. అది లేచింది. గుండెల దాకా వచ్చింది. అక్కడ ఆగి, వెనక్కు వెళ్ళి, అవ్వ ఒడిలో చీర అంచును పట్టి సరిచేసింది.

"జరీ కాదవ్వా," అంది వదిన. "ఇంకా మగ్గం మింద ఉండాది. దిగినాక రా, చూపిస్తా."

అని నవ్వింది. చప్పుడుతో నవ్వింది. అంగట్లో రేకుడబ్బాలు మోగినట్టు, గరుగ్గా, పెద్దగా. ఆ నవ్వు అంత పెద్దదని అన్నేళ్ళు కాపురం చేసిన అన్నయ్యకు కూడా తెలియదు. మా ఆయన కెమెరా క్లిక్కుమన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అవ్వ చీరను ఒడిలోంచి తీయలేదు, "ఇట్లాంటిదే ఇంకోటి విసురు" అంది. మామగారు గద్దె నడిమి నుంచి మెల్లగా అంచుకు జరిగి, బాలీసుకు ఆనుకుని కూర్చున్నారు. మా ఇంట్లో అంగడి చేతులు మారింది అలా, ఒక్క మాట లేకుండా. చేతులు అని బహువచనంలోనే అనాలి.

రెండేళ్ళు దాటాక పట్టీలు తీశారు. వరస కుదిరింది, పెదవులు కలిశాయి. అవ్వ నిజంగానే వచ్చింది, ఇంకో మనవరాలి పెళ్ళికి. "చీర దిగిందా?" అని అడిగి, వదిన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది. అయితే అప్పుడు మెరుస్తా ఉండె" అంది.

అడుగున దొరికిన ఫోటో అదే. రెండు చేతులా చీర అంచు, నోటినిండా నవ్వు, నవ్వునిండా ఉక్కు.

ఇంట్లో అందరూ ముఖం చిట్లించినా, పెద్దది చేయించడానికి స్టూడియోకు పట్టుకెళ్ళాను. స్టూడియో అతను దీపం కింద పెట్టి చూసి, "పండ్ల మింద ఏందో తీగలుండాయి కదమ్మా. కుంచెతో దిద్దేస్తా, తెలీనే తెలీదు" అన్నాడు.

"దిద్దింది ఎప్పుడన్నా చెరిపి మళ్ళా దిద్దినావా అప్పా?" అని అడిగాను.

"నేను దిద్దితే చెరిపే పనే ఉండదమ్మా."

"అట్లయితే ముట్టుకోవద్దు. అది ఇంకా మగ్గం మింద ఉండాది."

అతను నన్ను ఒకసారి వింతగా చూసి, కుంచె కింద పెట్టాడు. తిరిగి వస్తుంటే వీధి మలుపులో బండి ఎదురైంది. బెండకాయలు మాత్రం బండివాడే ఏరిచ్చాడు.